ఏ ఎడిటర్‌లో రాయాలి?

వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్చుకుందామని కూర్చున్న వాళ్లకు మొదటి ట్యాగ్ రాయకముందే ఎదురయ్యే ప్రశ్న ఇది. చాలామంది పక్కనున్న స్నేహితుడు ఏది వాడుతుంటే అదే ఇన్‌స్టాల్ చేసుకుంటారు. ఎక్కువసార్లు అది వీఎస్ కోడ్ అవుతుంది. స్టాక్ ఓవర్‌ఫ్లో 2024లో జరిపిన సర్వేలో ప్రతి నలుగురు డెవలపర్లలో దాదాపు ముగ్గురు దాన్నే వాడుతున్నామని చెప్పారు. అంతమంది వాడుతున్నారంటే అందులో విషయం ఉండే ఉంటుంది. కానీ రోజంతా కళ్లముందు ఉండే పనిముట్టు లోపల ఏం జరుగుతోందో తెలియకుండా ఏళ్లు గడిపేయడం మంచిది కాదు. థీములు, ఐకాన్లు ఎవరికి నచ్చినవి వాళ్లు పెట్టుకోవచ్చు. ఎంపికను తేల్చాల్సినవి వేరే ఉన్నాయి. ఎడిటర్ మన టెక్స్ట్‌ను మెమరీలో ఎలా దాచుకుంటుంది, మన కోడ్‌ను ఎవరు అర్థం చేసుకుంటున్నారు, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఫైలు చెడకుండా ఉంటుందా, తెలుగు రాస్తే నిలబడుతుందా? చూడాల్సినవి ఇవీ.

మూడు సిస్టమ్‌ల మధ్య ఒక ఫైలు

"నా దగ్గరున్నది విండోస్ ల్యాప్‌టాప్ ఒక్కటే, మూడింటిలో నడిచే ఎడిటర్ నాకెందుకు?" అని చాలామంది అనుకుంటారు. వెబ్ పనిలో ఆ మాట నిలవదు. మీరు రాసేది విండోస్‌లోనే కావచ్చు, అది నడిచేది మాత్రం దాదాపుగా ఎక్కడో డేటా సెంటర్‌లోని లినక్స్ సర్వర్ మీద. రేపు ఉద్యోగంలో చేరితే చేతికి మ్యాక్ ఇవ్వొచ్చు. జట్టులో నలుగురుంటే నాలుగు రకాల మెషిన్లు ఉంటాయి. ఒకే ఫైలు రోజూ ఈ సిస్టమ్‌ల మధ్య తిరుగుతూనే ఉంటుంది.

ఎంటర్ కీ సంగతే చూడండి. లినక్స్‌లో, మ్యాక్‌లో ఎంటర్ నొక్కితే ఫైల్లో 'లైన్ ఫీడ్' అనే ఒక్క బైటు పడుతుంది. విండోస్‌లో 'క్యారేజ్ రిటర్న్', 'లైన్ ఫీడ్' అని రెండు బైట్లు పడతాయి. ఇది టెలిప్రింటర్ల కాలం నాటి తేడా. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 సెకనుకు 10 అక్షరాలు అచ్చు వేసేది. అచ్చుతల కుడి చివర నుంచి ఎడమ అంచుకు రావడం ఒక పని, కాగితం ఒక వరస పైకి జరగడం ఇంకో పని. రెండు పనులకూ రెండు ఆదేశాలుండేవి. యూనిక్స్ ఒక్క ఆదేశంతో సరిపెట్టుకుంది. డాస్, దాని వెనకే వచ్చిన విండోస్ రెండింటినీ ఉంచేశాయి.

దీనివల్ల వచ్చే తంటా చిన్నది కాదు. విండోస్‌లో సేవ్ చేసిన షెల్ స్క్రిప్ట్‌ను లినక్స్ సర్వర్ మీద నడిపితే "అలాంటి ఫైలు లేదు" అని ఆగిపోతుంది. ఫైలు కళ్లెదుటే ఉంటుంది. మొదటి లైన్‌లో రాసిన ప్రోగ్రామ్ పేరు చివర కనిపించని క్యారేజ్ రిటర్న్ అతుక్కుని ఉండటంతో, ఆ పేరుతో ప్రోగ్రామ్ ఏదీ సిస్టమ్‌కు దొరకదు. కోడ్ మార్పుల చరిత్రను దాచిపెట్టే గిట్‌లో ఇంకో రకం చిక్కు. మీరు ఒక్క లైనే మార్చినా, ఎడిటర్ మౌనంగా లైన్ చివరలన్నీ మార్చేస్తే ఫైలు మొత్తం మారినట్టు చూపిస్తుంది. మీ మార్పును పరిశీలించే సహోద్యోగికి అసలు మారిందేదో సులువుగా కనపడదు. మంచి ఎడిటర్ కింద పట్టీలోనే ఈ ఫైలు ఏ రకం లైన్ చివరలతో ఉందో చూపిస్తుంది, నొక్కితే మార్చనిస్తుంది. అన్నిటికీ మించి, తెరిచిన ఫైలును అడగకుండా మార్చదు.

ఫైళ్ల పేర్ల విషయంలోనూ ఇలాంటిదే ఉంది. విండోస్, మ్యాక్ మామూలుగా పేర్లలో పెద్దబడి, చిన్నబడి అక్షరాలకు తేడా చూడవు. లినక్స్ చూస్తుంది. 'హెడర్' ఫైలు పేరు పెద్దబడి అక్షరంతో మొదలై, కోడ్‌లో చిన్నబడి అక్షరంతో పిలిస్తే మీ ల్యాప్‌టాప్‌లో చక్కగా పనిచేస్తుంది, సర్వర్ మీదకు వెళ్లగానే పడిపోతుంది. ఎడిటర్ పేరును తానే పూరించి పెట్టగలిగితే ఈ పొరపాటు చాలావరకు రాదు.

బ్రౌజర్‌నే ఎడిటర్‌గా మార్చిన దారి

'క్రాస్ ప్లాట్‌ఫామ్' అన్న మాట వాడుకలోకి రాకముందే ఆ పని చేసి చూపించినవి వీఐ, ఈమ్యాక్స్. రెండూ 1976 నాటివి. బెర్క్‌లీలో బిల్ జాయ్ వీఐ రాసినప్పుడు ఆయన ముందున్నది ఏడీఎం-3ఏ టెర్మినల్, నత్తనడక మోడెమ్. ఆ కీబోర్డులో బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ కీల మీదే ముద్రించి ఉండేవి. ఈ రోజుకీ విమ్ వాడేవాళ్లు కర్సర్‌ను ఆ నాలుగు అక్షరాలతోనే కదిలిస్తున్నారంటే కారణం ఆ టెర్మినలే. 1991లో బ్రామ్ మూలెనార్ విమ్‌ను విడుదల చేశారు. 2014లో దాని నుంచి నియోవిమ్ శాఖ పుట్టింది. వీటికి కావాల్సింది టెర్మినల్ ఒక్కటే కాబట్టి దాదాపు ఏ లినక్స్ సర్వర్‌లో చూసినా వీఐ లేదా విమ్ ఏదో రూపంలో కనిపిస్తుంది. మీరు రోజూ వాడేది ఏదైనా సరే, విమ్‌లో ఫైలు తెరిచి, ఒక లైన్ దిద్ది, సేవ్ చేసి బయటకు రావడం వరకైనా నేర్చుకోండి. సర్వర్ మీద అర్ధరాత్రి సెట్టింగ్ మార్చాల్సి వస్తే అక్కడ ఇంకో ఎడిటర్ ఉండకపోవచ్చు.

కిటికీలు, మెనూలు ఉండే ఎడిటర్ల కథ వేరు. 2003లో వచ్చిన నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ విండోస్‌కే, 2004లో వచ్చిన టెక్స్ట్‌మేట్ మ్యాక్‌కే పరిమితం. ప్రతి సిస్టమ్‌కూ కిటికీ గీసే పద్ధతి, ఫాంట్ చూపించే పద్ధతి వేరు. మూడింటికీ కావాలంటే ఒకే ప్రోగ్రామ్‌ను మూడుసార్లు రాసినంత పని. దీన్ని దాటడానికి మూడు దారులు కనిపెట్టారు. ఆస్ట్రేలియాకు చెందిన జాన్ స్కిన్నర్ 2008లో సబ్లైమ్ టెక్స్ట్‌ను సీ ప్లస్ ప్లస్‌లో, కిటికీ సరంజామా మొత్తం సొంతంగా కట్టుకుని తయారుచేశారు. జెట్‌బ్రెయిన్స్ సంస్థ జావా మీద ఆధారపడి 2010లో వెబ్‌స్టార్మ్ తెచ్చింది. మూడో దారి కోడ్ దాచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌ది. అన్ని సిస్టమ్‌లలో ఒకేలా నడిచేది బ్రౌజర్ కదా, ఎడిటర్‌ను బ్రౌజర్‌లోనే పెడితే పోలా అనుకున్నారు. 2014లో వచ్చిన ఆటమ్ ఎడిటర్ అలా పుట్టిందే. దాని అడుగున ఉన్న చట్రానికి తర్వాత ఎలక్ట్రాన్ అని పేరు పెట్టారు. క్రోమియం బ్రౌజర్ ఇంజిన్‌నూ నోడ్ జేఎస్‌నూ కలిపి కట్టిన మూట అది.

అప్పటికే జ్యూరిక్‌లో ఎరిక్ గామా బృందం మైక్రోసాఫ్ట్ కోసం బ్రౌజర్‌లో నడిచే మొనాకో అనే ఎడిటర్ మీద పనిచేస్తోంది. గామా అంటే 1994 నాటి 'డిజైన్ ప్యాటర్న్స్' పుస్తకం రాసిన నలుగురిలో ఒకరు, ఎక్లిప్స్ అనే మరో ఎడిటర్‌ను నిలబెట్టిన వాళ్లలో ముఖ్యుడు. మొనాకోను ఎలక్ట్రాన్‌లో కూర్చోబెడితే వీఎస్ కోడ్ అయింది. 2015 ఏప్రిల్ 29న ప్రకటించారు, 2016 ఏప్రిల్‌లో 1.0 వచ్చింది. వెబ్ పేజీలు రాయడానికి వాడే ఎడిటర్ తానే ఒక వెబ్ పేజీ. దాని మెనూలు, లైన్ నంబర్లు, రంగులు అన్నీ హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌లే. హెల్ప్ మెనూలో డెవలపర్ టూల్స్ తెరిస్తే ఎడిటర్‌నే వెబ్ పేజీలా విప్పి చూడొచ్చు. నేర్చుకునే పిల్లలు ఒక్కసారైనా తెరిచి చూడాలి.

ఈ దారికి చెల్లించే ధర మెమరీ. ఎలక్ట్రాన్‌తో కట్టిన ప్రతి అప్లికేషన్ తన సొంత క్రోమియంను మోసుకుని తిరుగుతుంది. 16 జీబీ మెషిన్‌లో ఇది లెక్కలోకి రాదు. 4 జీబీ ల్యాప్‌టాప్‌లో క్రోమ్, వీఎస్ కోడ్, లోకల్ సర్వర్ మూడూ కలిసి నడిస్తే మెషిన్ మెమరీ చాలక డిస్క్ మీద పడుతుంది, అక్షరం కొట్టిన తర్వాత అది తెర మీదకు వచ్చేదాకా ఎదురుచూడాల్సి వస్తుంది. మామూలు తెర సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. అంటే ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు. ఎడిటర్ ఆ గడువులోగా పని ముగిస్తేనే టైపింగ్ సాఫీగా ఉంటుంది. ఆటమ్‌ను తయారుచేసిన నేథన్ సోబో తదితరులు ఆ అనుభవంతోనే రస్ట్ భాషలో, గ్రాఫిక్స్ చిప్ చేత నేరుగా అక్షరాలు గీయించే జెడ్ అనే ఎడిటర్ కట్టారు. 2024లో దాని కోడ్‌ను బహిరంగం చేశారు. మొదట మ్యాక్‌కే ఉన్నది తర్వాత లినక్స్‌కూ విండోస్‌కూ వచ్చింది.

అక్షరాలను దాచుకునే పద్ధతి

ఒక ఫైలు తెరిచి మధ్యలో ఒక్క అక్షరం చేర్చారనుకోండి. మెమరీలో అక్షరాలన్నీ వరసగా పేర్చి ఉంటే, ఆ కొత్త అక్షరానికి చోటివ్వడానికి దాని తర్వాతవన్నీ ఒక్కో అడుగు జరగాలి. దర్శనం క్యూలో మధ్యలో ఒకరు దూరితే వెనకున్న వేలమందీ వెనక్కి జరిగినట్టు. చిన్న ఫైలుకు ఫర్వాలేదు, పెద్ద ఫైలుకు ప్రతి కీ నొక్కినప్పుడూ ఇదే జరిగితే ఎడిటర్ మొరాయిస్తుంది. ఈమ్యాక్స్ దీనికి తెలివైన పరిష్కారం వాడింది. కర్సర్ ఉన్నచోట కొంత ఖాళీ ఉంచుకుంటుంది, అక్కడ ఎంత టైప్ చేసినా ఏదీ జరగక్కర్లేదు, కర్సర్ దూరంగా వెళ్లి మళ్లీ టైప్ చేసినప్పుడే ఖాళీని అక్కడికి మోసుకెళుతుంది.

వీఎస్ కోడ్ మొదట్లో ప్రతి లైన్‌నూ విడివిడి వస్తువుగా దాచేది. చూడ్డానికి సహజంగానే ఉంది. అయితే ఒకరు 35 ఎంబీ ఫైలు తెరవబోతే మెమరీ చాలక ఎడిటర్ పడిపోయింది. ఆ ఫైల్లో 1.37 కోట్ల లైన్లున్నాయి. ఒక్కో లైన్‌కు 40 నుంచి 60 బైట్ల అదనపు సామాను తగిలించేసరికి 600 ఎంబీ అయింది, ఫైలు కంటే దాదాపు ఇరవై రెట్లు. 2018లో ఆ బృందం పద్ధతినే మార్చేసింది. ఆ మార్పుకు మూలం 1970ల నాటి ఆలోచన. జెరాక్స్ పార్క్ ప్రయోగశాలలో బ్రావో ఎడిటర్‌కు వాడారు, అక్కడి నుంచి బ్రావో రాసినవాళ్లలో ఒకరైన చార్లెస్ సిమోన్యీతో పాటు మైక్రోసాఫ్ట్ వర్డ్‌కు వచ్చింది. ఆ పద్ధతిని పీస్ టేబుల్ అంటారు.

అందులో మూల ఫైలును ఎవరూ ముట్టుకోరు. కొత్తగా టైప్ చేసినదంతా వేరే చోట వరసగా చేరుతుంది. మూడోది ఒక పట్టిక. ఏ ముక్క ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తీసుకోవాలో అందులో రాసి ఉంటుంది. 'నమస్కారం లోకం' అన్న ఫైల్లో మధ్యన 'తెలుగు' అని చేర్చితే పట్టికలో మూడు ముక్కలు: మూలంలోని మొదటి మాట, కొత్తగా చేరిన మాట, మళ్లీ మూలంలోని చివరి మాట. మెమరీలో ఒక్క అక్షరమూ జరగలేదు. తప్పయిందని వెనక్కి వెళ్లాలంటే పట్టికను పాత స్థితికి తెస్తే చాలు, మూలం ఎలాగూ చెక్కుచెదరలేదు. ముక్కలు లక్షల్లోకి పెరిగితే పట్టిక వెతకడమే భారం కదా అంటే, వాటిని చెట్టు ఆకారంలో అమర్చి, ప్రతి కొమ్మ దగ్గరా కింద ఎన్ని లైన్లున్నాయో రాసిపెట్టారు. పది లక్షల ముక్కలున్నా కావాల్సిన లైన్‌ను ఇరవై ముప్పై పోలికల్లో పట్టుకోవచ్చు.

ఎడిటర్‌ను పరీక్షించాలంటే ఇక్కడే ఒక మంచి ఉపాయం ఉంది. కుదించిన జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఒకటి తీసుకోండి. లక్షల అక్షరాలు ఒకే లైన్‌లో ఉంటాయి. పొడవైన లైన్ ఎదురైతే కొన్ని ఎడిటర్లు రంగులు వేయడం మానేసి సాఫీగా నడుస్తాయి. వీఎస్ కోడ్ అలాగే చేస్తుంది. కొన్ని కొట్టుమిట్టాడతాయి. అరనిమిషంలో తేడా తెలిసిపోతుంది.

కోడ్‌ను అర్థం చేసుకునేది ఎవరు?

చుక్క పెట్టగానే కిందికి జాబితా దిగుతుంది. అరే పేరు తర్వాత చుక్క పెడితే మ్యాప్, ఫిల్టర్, సార్ట్ అని వరసగా చూపిస్తుంది. ఇదంతా ఎడిటర్ తెలివి అనుకుంటాం. పదేళ్ల కిందటి దాకా నిజంగానే ఎడిటర్‌దే. అందుకే ప్రతి భాషకూ ప్రతి ఎడిటర్‌లోనూ ఆ తెలివిని విడిగా రాయాల్సి వచ్చేది. పది ఎడిటర్లు, ఇరవై భాషలు ఉంటే రెండు వందల ప్రోగ్రాములు. కొత్త ఎడిటర్ బతికి బట్టకట్టడం కష్టంగా ఉండేది.

2016 జూన్‌లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ ప్రకటించాయి. నా దృష్టిలో ఈ రంగంలో ఈ పదేళ్లలో వచ్చిన అతి ముఖ్యమైన మార్పు ఇదే. భాష తెలిసిన ప్రోగ్రామ్‌ను ఎడిటర్ బయట విడిగా నడుపుతారు. ఫలానా ఫైలు తెరిచారు, ఫలానా చోట ఈ అక్షరం చేర్చారు అని ఎడిటర్ దానికి సందేశాలు పంపుతుంది. 120వ లైన్, 14వ అక్షరం దగ్గర ఏం సూచించాలి అని అడుగుతుంది. అది జాబితా పంపితే ఎడిటర్ గీసి చూపిస్తుంది, అంతే. రెండు వందలు కావాల్సిన చోట ముప్పై చాలు. వీఎస్ కోడ్‌లోని హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ సర్వర్లను విడదీసి నియోవిమ్ వాడకందారులు తమ టెర్మినల్‌లో నడుపుకుంటున్నారు. జావాస్క్రిప్ట్ సూచనల వెనక ఉన్నది టైప్‌స్క్రిప్ట్ బృందం కట్టిన విశ్లేషణ యంత్రం, చాలా ఎడిటర్లు దాన్నే వాడుతున్నాయి. వెబ్‌స్టార్మ్ మాత్రం తన సొంత విశ్లేషణ మీద ఎక్కువ ఆధారపడుతుంది. ప్రాజెక్ట్ మొత్తాన్ని ముందే చదివి సూచిక తయారుచేసుకుంటుంది కాబట్టి పెద్ద ప్రాజెక్టుల్లో పేర్లు మార్చడం, ఫైళ్లు తరలించడం దానిలో నిశ్చింతగా ఉంటుంది. మెషిన్ బలంగా ఉండాలి. 2024 అక్టోబరు నుంచి వ్యాపారేతర పనికి అది ఉచితం కాబట్టి విద్యార్థులు డబ్బు గురించి జంకక్కర్లేదు.

ఎమ్మెట్ సంగతీ ఇలాగే. ఐదు అంశాల జాబితాకు కావాల్సిన ట్యాగులన్నీ ఏడు అక్షరాల పొట్టి రాతతో, ఒక్క ట్యాబ్ కీతో పరిచేసే ఈ సౌకర్యం వీఎస్ కోడ్‌లో పుట్టుకతోనే ఉంది, మిగతావాటిలో చాలావాటికి ప్లగిన్‌గానైనా దొరుకుతుంది. దాని కోసం ఎడిటర్ మారాల్సిన పని లేదు.

తెలుగు రాసి చూడండి

తెలుగు పేజీలు కట్టేవాళ్లు అన్నిటికంటే ముందు చేయాల్సిన పరీక్ష వేరే ఉంది, ఇంగ్లిష్ సమీక్షల్లో అది కనపడదు. ఎడిటర్‌లో 'స్త్రీ' అని టైప్ చేయండి. కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున ఫైల్లో పద్దెనిమిది బైట్లు. జావాస్క్రిప్ట్‌లో ఆ మాట పొడవు అడిగితే 6 అంటుంది. ఇప్పుడు బాణం కీ ఒకసారి నొక్కండి, కర్సర్ అక్షరాన్ని మొత్తంగా దాటాలి, వత్తుల మధ్య ఇరుక్కోకూడదు. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే గుడిదీర్ఘం మాత్రమే పోయి 'స్త్ర' మిగలాలి. ఈ రెండూ సరిగా చేసే ఎడిటర్ తెలుగుకు పనికొస్తుంది.

బ్రౌజర్ ఇంజిన్ మీద కట్టిన ఎడిటర్లు ఇక్కడ సులువుగా నెగ్గుతాయి. క్రోమియంలో అక్షరాలను కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది, వత్తులు గుణింతాలు దానికి బాగా తెలుసు. వెబ్ పేజీలో తెలుగు ఎంత బాగా కనిపిస్తుందో ఎడిటర్‌లోనూ అంతే బాగా కనిపిస్తుంది. టెర్మినల్ ఎడిటర్ల ఇబ్బంది మౌలికమైనది. టెర్మినల్ తెర మొత్తం సమానమైన గళ్లు. ప్రతి అక్షరం ఒక గడిలో లేదా రెండు గళ్లలో ఇమడాలి. 'స్త్రీ' వెడల్పు ఎన్ని గళ్లో ఎడిటర్ ఒక లెక్క వేస్తుంది, టెర్మినల్ మరో లెక్క వేస్తుంది, రెండూ కుదరక కర్సర్ ఒకచోట, అక్షరం మరోచోట తేలుతుంది. విమ్ మీద నాకెంత గౌరవం ఉన్నా తెలుగు వచనం నిండిన హెచ్‌టీఎంఎల్‌ను అందులో దిద్దమని ఎవరికీ చెప్పలేను.

ఇంకో సూక్ష్మమైన చిక్కు ఉంది. లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌లో "14వ అక్షరం" అన్నప్పుడు ఆ లెక్క మామూలుగా యూటీఎఫ్-16లో సాగాలి. జావాస్క్రిప్ట్ లెక్కా అదే. ఏదైనా భాష సర్వర్ పొరపాటున బైట్లు లెక్కపెడితే ఇంగ్లిష్ కోడ్‌లో ఎవరికీ తెలియదు, అక్కడ రెండు లెక్కలూ ఒకటే. లైన్ మధ్యలో 'స్త్రీ' ఉంటే మాత్రం 6 ఉండాల్సిన చోట 18 వస్తుంది, తప్పు కింద పడాల్సిన ఎర్ర గీత పన్నెండు స్థానాలు కుడికి జరిగి ఎక్కడో పడుతుంది. ఎర్ర గీత తప్పు చోట పడిందంటే తప్పు మీ కోడ్‌ది కాకపోవచ్చని గుర్తుంచుకోండి.

కనిపించని అక్షరాల సంగతి కూడా చెప్పాలి. 'సాఫ్ట్‌వేర్' అని రాసినప్పుడు 'ట్' పక్కన 'వే' వత్తుగా మారకుండా మధ్యలో వెడల్పు లేని ఒక యూనికోడ్ అక్షరం పెడతాం. 2021 నవంబరులో కేంబ్రిడ్జ్ పరిశోధకులు నికోలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ ఒక ప్రమాదాన్ని బయటపెట్టారు. కంటికి కనపడని యూనికోడ్ గుర్తులతో, మనిషికి ఒకలా కంపైలర్‌కు ఇంకోలా కనిపించే కోడ్ రాయొచ్చని చూపించారు. ఆ తర్వాత వీఎస్ కోడ్ ఇలాంటి అక్షరాల చుట్టూ గడి గీసి హెచ్చరించడం మొదలుపెట్టింది. తెలుగు పేజీలో ఆ గళ్లు ఎక్కువగా కనిపిస్తే విసుగొచ్చి హెచ్చరికనే ఆపేయాలనిపిస్తుంది. ఆపకండి. ఆ ఒక్క అక్షరానికి మినహాయింపు ఇచ్చే సెట్టింగ్ ఉంది. జావాస్క్రిప్ట్‌లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, 'ధరలు' అన్న పేరు నిక్షేపంగా చెల్లుతుంది. ఆ కనపడని అక్షరం కూడా పేరులో భాగంగా చెల్లుతుంది. కాబట్టి చూడ్డానికి అచ్చం ఒకేలా ఉన్న రెండు పేర్లు రెండు వేర్వేరు వేరియబుల్స్ కావచ్చు. కోడ్ ఫైళ్లలో ఆ మినహాయింపు ఇవ్వకుండా వచనం ఫైళ్లకే ఇవ్వడం మేలు.

ఫాంట్ విషయం క్లుప్తంగా. విండోస్‌లో నిర్మలా యూఐ, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు, చాలా లినక్స్‌లలో లోహిత్ తెలుగు ఉంటాయి కాబట్టి ఒకే ఫైలు మూడింటిలో మూడు రకాలుగా కనిపిస్తుంది. ఎడిటర్ ఫాంట్ సెట్టింగ్‌లో కోడ్ ఫాంట్ తర్వాత రెండో పేరుగా నోటో సాన్స్ తెలుగు రాసుకుంటే, దాన్ని ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రతి మెషిన్‌లోనూ ఒకే రూపం వస్తుంది. లైన్ ఎత్తు కాస్త పెంచండి. లేకపోతే పై లైన్ వత్తులు కింది లైన్ గుణింతాల మీద కూర్చుంటాయి.

నమ్మకం, ఆయుష్షు

ఎక్స్‌టెన్షన్ అంటే బొమ్మ కాదు. వీఎస్ కోడ్‌లో మీరు ఇన్‌స్టాల్ చేసిన ఎక్స్‌టెన్షన్ మీకున్న అధికారాలతోనే నడుస్తుంది. మీ ఫైళ్లు చదవగలదు, సర్వర్ తాళాలున్న ఫోల్డర్‌ను కూడా. అది విడి ప్రాసెస్‌లో నడుస్తుంది కాబట్టి ఒకటి నిదానించినా టైపింగ్ ఆగదు, ఆ వరకు మంచిదే. భద్రత మాత్రం మీ చేతిలో ఉంది. ఎవరు తయారుచేశారో, చివరిసారి ఎప్పుడు దిద్దారో చూసి, అవసరమైన నాలుగైదే ఉంచుకోండి. ఎవరో పంపిన ప్రాజెక్ట్ తెరిచినప్పుడు "ఈ ఫోల్డర్‌ను నమ్ముతారా?" అని అడిగితే చదవకుండా అవును అనకండి.

వీఎస్ కోడ్ మూల కోడ్ ఎంఐటీ లైసెన్స్ కింద అందరిదీ. మైక్రోసాఫ్ట్ నుంచి దించుకునే ప్రోగ్రామ్‌కు మాత్రం వేరే లైసెన్స్ ఉంది, వాడకపు సమాచారం కంపెనీకి పంపే సెట్టింగ్ ముందే వేసి ఉంటుంది. దాన్ని ఆపుకోవచ్చు. లేదా అదే మూల కోడ్‌తో కట్టిన వీఎస్ కోడియం వాడొచ్చు. అయితే మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెన్షన్ల బజారు నిబంధనలు దానికి అనుమతించవు. ఎక్లిప్స్ ఫౌండేషన్ నడిపే ఓపెన్ వీఎస్ఎక్స్ నుంచి తెచ్చుకోవాలి, అక్కడ కొన్ని దొరకవు.

ఎడిటర్లకు ఆయుష్షు కూడా ఉంటుంది. అడోబీ తన బ్రాకెట్స్‌ను 2021 సెప్టెంబరులో వదిలేసింది. గిట్‌హబ్‌ను 2018లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది, 2022 డిసెంబరు 15న ఆటమ్ మూతపడింది. దాని మీద అలవాట్లన్నీ కట్టుకున్నవాళ్లు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. ఆటమ్ కోసం మ్యాక్స్ బ్రన్స్‌ఫెల్డ్ రాసిన ట్రీ-సిట్టర్ మాత్రం బతికింది. కోడ్ నిర్మాణాన్ని చెట్టుగా విప్పి, మారిన భాగాన్నే మళ్లీ చదివే ఆ సాధనం ఇప్పుడు నియోవిమ్‌లో, జెడ్‌లో పనిచేస్తోంది. ఎడిటర్ పోయినా దానికి కట్టేసి ఉంచనివి నిలిచాయి.

మీ నియమాలూ అలాగే ఉండాలి. ఇండెంట్ రెండు ఖాళీలా నాలుగా, లైన్ చివర ఏ గుర్తు, ఫైలు ఏ ఎన్‌కోడింగ్ అన్నవి ఎడిటర్ సెట్టింగుల్లో దాచుకోకుండా ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైల్లో రాయండి. దాదాపు అన్ని ఎడిటర్లూ దాన్ని నేరుగానో ఒక ప్లగిన్‌తోనో చదువుతాయి. లైన్ చివరల కోసం గిట్ యాట్రిబ్యూట్స్ ఫైలు పెట్టండి. కోడ్ అమరికను ప్రెటియర్‌కు, తప్పుల తనిఖీని ఈఎస్‌లింట్‌కు అప్పగించండి. అప్పుడు జట్టులో ఒకరు విమ్, ఒకరు వెబ్‌స్టార్మ్, ఒకరు వీఎస్ కోడ్ వాడినా గిట్‌లోకి వెళ్లే ఫైలు ఒకేలా ఉంటుంది. రేపు ఎడిటర్ మారాల్సి వస్తే ఒక పూట పని.

నా సలహా అడిగితే, 8 జీబీ లేదా అంతకు మించి మెమరీ ఉండి కొత్తగా మొదలుపెడుతున్న వాళ్లకు వీఎస్ కోడ్, తెలుగు పేజీలు రాసేవాళ్లకు మరీ ముఖ్యంగా. సమాచారం బయటకు పోకూడదనుకుంటే వీఎస్ కోడియం. పెద్ద ప్రాజెక్టుల్లో రోజంతా జావాస్క్రిప్ట్‌తో గడిపేవాళ్లకు, మెషిన్ తట్టుకుంటే, వెబ్‌స్టార్మ్. 4 జీబీ ల్యాప్‌టాప్‌తో నెట్టుకొస్తున్న విద్యార్థికి సబ్లైమ్ టెక్స్ట్. దాన్ని కొనకుండానే పరీక్షగా వాడి చూడొచ్చు, అప్పుడప్పుడు కొనమని గుర్తుచేస్తుంది.

ఏది ఎంచుకున్నా ఈ వారం అందులో ఒక తెలుగు పేజీ తెరిచి 'స్త్రీ' పరీక్ష చేయండి. కర్సర్ తప్పినా, వత్తు విరిగినా, ఎర్ర గీత పక్కకు జరిగినా ఆ ఎడిటర్ వాళ్ల బగ్ పట్టికలో తెరబొమ్మతో సహా రాయండి. వీటిలో చాలావాటికి ఆ పట్టిక అందరికీ తెరిచే ఉంటుంది. తెలుగు చదవలేని ఇంజినీరుకు తెలుగు తప్పుగా కనిపిస్తోందని మనం చెబితేనే తెలుస్తుంది.